తువాలు ఉయ్యాల

దర్జీ దస్తగిరి ఉండేవోడు మా ఊళ్ళో, బస్సాగే చోట. రోడ్డు మీదికే ఇల్లు, ముందుగదిలో మిషను, వెనకగదిలో మంచం. ఆ మంచంలో ఆయన భార్య హుసేనమ్మ. ఎట్టాంటి మనిషనుకున్నావు! పదిమంది మాట్లాడుకుంటంటే ఆ పదిమందినీ దాటుకోని ఆమె గొంతే వినపడేది. అట్టాంటిది ఒకరోజు పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయిందంట. పక్షవాతం. కుడిచెయ్యి పొయ్యింది, కుడికాలు పొయ్యింది, వాటెంట మాట కూడా పొయ్యింది. ఏడాది పొడుగునా గోడ చూస్తా పడుకున్నదంట. దస్తగిరే అన్నం కలిపి పెట్టేవోడు, దస్తగిరే నీళ్ళు పోసేవోడు. పిల్లా జెల్లా లేరు మరి, ఎవరు చేస్తారు?

పక్కవాటాలో ప్రభుదాసని కాలేజీ పంతులు అద్దెకుండేవోడు. ఆయన పెంచుకునేవోడు ఒక జత, చక్కెర ఉడతలంట. పేరుకి ఉడతలేగానీ ఉడతలు కాదంట, కంగారూ లేదూ, దానికి చుట్టాలంట, ఆడదానికి పొట్టమీద సంచి కూడా ఉంటది. గుప్పెట్లో పట్టేంత ప్రాణం, మొహమంతా కళ్ళే. ముందుకాలికీ వెనక్కాలికీ మధ్య చర్మం ఉంటదే, అది గొడుగు విప్పినట్టు విప్పి, ఈ దూలం మీంచి ఆ దూలం మీదికి గాలిలో తేలిపోతయ్. పగలంతా గుడ్డసంచిలో ముడుచుకోని నిద్ర. దీపాలు పెట్టేవేళకి లేచి ఇహ ఆటే ఆట. ఏమైందంటే, పంతులికి దూరం బదిలీ అయ్యింది. అంత దూరం తీసకపోలేక, బాబాయ్, పిన్నికి కాలక్షేపంగా ఉంటయ్, ఉంచుకో అని పంజరంతో సహా ఇచ్చిపొయ్యాడు. దస్తగిరి మొహమాటానికి సరేనన్నాడంతే. ఇంట్లో ఒక ప్రాణానికి చేసేదే తలకుమించిన పని, ఇంకో రెండెక్కడ అనుకున్నాడంట లోపల. అనుకున్నాడా, ఆ సాయంత్రమే ఆడది పంజరంలోంచి బయటికొచ్చి ఒక్క దూకు దూకి హుసేనమ్మ గుండెల మీద వాలి, పైట మడతలోకి దూరిపొయ్యింది. అప్పుడు హుసేనమ్మ గొంతులోంచి 'క్ర్ర్... క్ర్ర్' అని వొచ్చిందంట. ఏడాదికి ఆమె నోట వొచ్చిన మొదటి చప్పుడు! దస్తగిరి కత్తెర చేతిలో పట్టుకోని గుమ్మంలోనే నిలబడి ఏడ్చాడంట. అప్పట్నుంచీ ఆ చప్పుడే వాటికి పిలుపు. ఆమె క్ర్ర్ మంటే చాలు, యాడున్నా ఎగిరొచ్చి ఆమె మీద వాలేయి.

బాగానే ఉంది కదా. ఆర్నెల్లు బాగానే ఉంది. ఆ తర్వాత మగది తోక కొరుక్కోటం మొదలుపెట్టింది. ముందు బొచ్చు ఊడింది, తర్వాత తోలు లేచింది, ఒకరోజు చూస్తే పడుకునే గుడ్డసంచి నిండా నెత్తురు. హుసేనమ్మ ఎడంచేత్తో మంచంపట్టె బాదతా ఉంటే, దస్తగిరి దాన్ని చొక్కాజేబులో పెట్టుకోని పట్నంలో పశువులాసుపత్రికి పొయ్యాడు. అక్కడ డాక్టరమ్మ, చిన్నపిల్లే. తాతా, నేను గేదెల్నీ మేకల్నీ చూసేదాన్ని, వీటిని పుస్తకంలో చదవటమేగానీ ఎప్పుడూ ముట్టుకోలా, అన్నదంట. అయినా పుండుకి మందు రాసి చెప్పిందంట, అడివిలో చెట్టునుంచి చెట్టుకి తిరిగే ప్రాణం తాతా, నాలుగు ఊచల మధ్య పెడితే ఏంచేసుద్ది, తన్ను తానే కొరుక్కుంటది, ఆడుకోటానికి ఏమన్నా పెట్టు అని. ఏం పెట్టమంటావమ్మా అంటే, ఊగేవి, ఎక్కేవి, కొరికేవి, రంగులు మాత్రం వొద్దు, ఇంకా ఏందంటే... అని ఏదో చెప్పబోయింది. ఇంతలో ఈనలేక అల్లాడతన్న గేదెని తోలుకొచ్చారు, ఆమె అటు ఉరికింది. దస్తగిరి కాసేపు నిలబడి, సరేలే, చెప్పాల్సింది చెప్పిందిగా అని వొచ్చేశాడు.

పట్నంలో పిట్టల్నీ కుక్కల్నీ అమ్మే కొట్టుకి పొయ్యాడు. అక్కడ ఒక తాళ్ళ వంతెన, ఒక గుడ్డ గూడు చూపించారు, ఫారిన్ సరుకంట. ధర చెబితే దస్తగిరి దాన్ని పువ్వును దించినట్టు దించి బల్లమీద పెట్టేశాడు. నెలంతా జాకెట్లు కుట్టినా రాదు అది. పోనీ అని తిరణాలకి పొయ్యాడు. అక్కడ చౌకే. కానీ ఏదిబట్టినా ఏదో ఒకటి. చెక్క నిచ్చెనుంటే వేలు తడిపి రుద్దాడు, రంగు వేలికొచ్చింది. ప్లాస్టిక్కు బంతుంటే అంచు బుగ్గకి రాసుకున్నాడు, గీరుకుంది. చిలకల ఉయ్యాలకి గొలుసుంది, ఆ గొలుసు సందులో చిటికెనవేలు పెట్టి చూశాడు, ఇరుక్కుంది. కొట్టోడు నవ్వాడంట, ఏంది మావా, పిల్లనిచ్చే ముందు చూసినట్టు చూస్తన్నావే అని. నవ్వితే నవ్వాడు. అంత జాగ్రత్త మనిషి! ఉత్తచేతుల్తో ఇంటికొచ్చి హుసేనమ్మతో అన్నాడంట, ఊరందరికీ కుట్టేవోణ్ణి, వీటికి నేనే కుడతానే, నా చేత్తో అయితే నాకు నమ్మకం అని.

ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ ముందేసుకున్నాడు. పాప్లిను బిరుసు, నైలాను జారుడు. ఆఖరికి పెట్టెలోంచి కొత్త టర్కీతువాలు తీశాడు. హుసేనమ్మ ఒళ్ళు తుడవటానికని చీరాల్లో కొన్నది, ఇంట్లో అంతకన్నా మెత్తంది లేదు. చుట్టలు చుట్టలుగా పోగులుంటయ్యే, అదే మెత్తదనమనుకున్నాడు. నిచ్చెనకి నిచ్చెన, ఉయ్యాలకి ఉయ్యాల కుట్టి పంజరంలో కట్టాడు. అబ్బో, ఏం ఆడినయ్యనుకున్నావు! మగది తోక మాట మర్చిపొయ్యింది, పుండు మానింది, బొచ్చు మొలిచింది. హుసేనమ్మ సగం మూతితో నవ్వేదంట. పదకొండు రోజులు. ఆయన లెక్కపెట్టుకున్నాడు, పదకొండు.

రంజాను నాలుగురోజులుందనగా, ఇంటినిండా చొక్కాగుడ్డలు, ఎవరికి వాళ్ళు తొందరపెడతన్నారు. దీపాలవేళ. మిషను టకటకా తొక్కతన్నాడు. లోపల మగది ఉయ్యాల ఎక్కింది. దాని గోళ్ళు కొక్కేలే కదా, ఆ చుట్టల పోగుల్లో ఒకటి వేలికి పడింది. లాక్కుంది. లాక్కుంటే ఇంకోటి పడింది. తలకిందులుగా వేలాడతా గిరగిరా తిరిగింది, పోగు కాలునుంచి మెడకొచ్చింది. హుసేనమ్మ మంచంలోంచి చూస్తంది. అరవలేదు, లేవలేదు. ఆమెకొచ్చిందల్లా ఆ ఒక్క పిలుపే కదా, క్ర్ర్ మన్నది. ఆ పిలుపు వినేసరికి, ఏంచెప్పనూ, అది ఆమె దగ్గరికి రావాలని ఎగిరింది. ఎగిరితే ఉచ్చు బిగిసింది. ఆమె మళ్ళీ పిలిచింది, అది మళ్ళీ ఎగిరింది. అప్పుడర్థమై నోరు మూసుకుంది. ఎడంచేత్తో తడిమి మంచం పక్కనున్న స్టీలుగ్లాసు తీసి గచ్చుకేసి కొట్టింది.

ఆయన వొచ్చేటప్పటికి అది ఊగతానే ఉంది, కానీ దాని ఊగుడు కాదది. కత్తెరతో కోసి, జేబులో వేసుకోని, ఉన్నపళాన ఆసుపత్రికి పొయ్యాడు. ఏం లాభం? డాక్టరమ్మ ఆ గుడ్డ చూసి తల పట్టుకుంది. అయ్యో తాతా, ఆరోజు అదే చెప్పబోయా, చుట్టపోగుల గుడ్డ వాటికి ఉచ్చుల బోను, పోగు లేవని గుడ్డే పెట్టాల అన్నది. ఆమె తప్పేముంది, గేదె ప్రాణం మీద ఉందాయె. దస్తగిరి ఇంటికొచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. హుసేనమ్మా, ఒక మాట చెప్పాలే అన్నాడంట. గ్లాసు చప్పుడు నాకు వినపడ్డది. మిషను మోతలో కూడా వినపడ్డది. నీ చెయ్యి తగిలి పడిందిలే, ఈ చొక్కాచెయ్యి కుట్టు అయ్యాక వొద్దామనుకున్నా. చొక్కాచెయ్యి కుట్టెంతసేపే, ఇంతసేపు. అంతే. అన్నాడంట. ఎవరడిగారు? చెప్పకపోతే తెలిసేదా? కానీ చెప్పాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది, చూసి, గోడవైపుకి తల తిప్పుకుంది.

ఆడది మిగిలింది. జతపోతే ఉండలేవంట అయ్యి. తినదు, గుడ్డసంచిలోంచి రాదు. దస్తగిరి కుట్టేవి పక్కనబెట్టి దానికి బొమ్మలు చెయ్యటంలో పడ్డాడు. కొబ్బరిచిప్ప గాజుపెంకుతో నున్నగా గీకి గూడు చేశాడు. వేపపుల్లలతో నిచ్చెన, ఉతికి ఉతికి అరిగిన చలికోటు గుడ్డతో ఉయ్యాల, ఒక్క పోగు లేవకుండా అంచులు లోపలికి మడిచి. ప్రతిదీ నాలిక్కి రాసుకునేవోడు, కనురెప్పకి రాసుకునేవోడు. పంజరమంతా బొమ్మలే, తిరణాల కొట్టులాగా. అది ఒక్కటన్నా ముట్టుకోలా. తోక కొరుక్కుంది. హుసేనమ్మ పిలిస్తే వొచ్చేదేమో, పిలవే, ఒక్కసారి పిలవే అని కాళ్ళు పట్టుకున్నాడంట. ఆమె పెదాలు బిగబట్టుకుంది. పిలిస్తే ఏమైందో చూసింది కదా ఆమె. తొమ్మిదోరోజు పొద్దున చూస్తే సంచిలో చల్లగా ఉంది.

దాన్ని దోసిట్లో పెట్టుకోని మంచం దగ్గరికొచ్చాడు. హుసేనమ్మ అప్పుడు ఎడంచెయ్యి చాపింది. దస్తగిరికి ప్రాణం లేచొచ్చిందంట, దాన్నొక చేతిలోకి మార్చుకోని, రెండో చెయ్యి గబగబా ఆమెకందించాడు. ఆమె ఆ చేతిని పక్కకి తోసి, ఆ ఉడతని చూపించింది. దాన్నిమ్మని. ఇచ్చాడు. పైటమడతలో పెట్టుకోని పొద్దుగూకేదాకా అట్టాగే ఉన్నదంట.

ఆ తర్వాత రెండేళ్ళు బతికింది హుసేనమ్మ. ఆయనే తినిపించాడు, ఆయనే కడిగాడు. ఆ చప్పుడు మాత్రం మళ్ళీ చెయ్యలా. ఇదంతా ఆయనే చెప్పాడు నాకు, ఆమెని మట్టిచేసి వొచ్చిన నాడు, పంజరం నాకిస్తా, కోడిపిల్లలకి పనికొస్తదేమో తీసకపో అని. నేను తెచ్చుకోలా. క్షమించిందా లేదా అని అడుగుతారు ఈ కత విన్నోళ్ళు. ఆయన చేతిముద్ద తిన్నదిగా రెండేళ్ళు అంటా నేను. మా ఇంటిది ఊరుకోదు, ఆకలేస్తే తినకేంచేసుద్ది, నీమీద కోపమున్నా నీ చేతిది నేను తినటంలా? అంటది. అంటే అననీ. ఆడోళ్ళకి తెలిసినంత మనకేం తెలుసు.