తాబేలు మీద ఫ్రిజ్

వదిన అడిగింది ఒక్క మాటే. "ఆ దీవికి ఇదివరకు వెళ్ళొచ్చినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?"

నాలుగింటి టీకి పని ఆపి, ఫ్రిజ్‌ల రిపేరు షాపు ముందు అరుగు మీద అందరూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. దీవిలో ఉన్న ఒకే ఒక్క ఆసుపత్రిలో మందులు దాచే ఫ్రిజ్ పాడైంది. కొత్తది రేపు పొద్దున పడవలో పంపాలి, దాంతోపాటు ఒక మనిషి వెళ్ళి బిగించి రావాలి. మందులు కూడా అదే పడవలో ఐసుపెట్టెల్లో వెళ్తున్నాయి. మళ్ళీ పడవ వారం రోజులకి గానీ లేదు. వెళ్ళినవాడు ఏదైనా చెడగొడితే బాగుచేసే దిక్కుండదు, మందులన్నీ మట్టిపాలే. భర్త మోకాళ్ళ నొప్పులతో ఇంటికే పరిమితమయ్యాక షాపు పెత్తనమంతా వదినదే కనక, ఎవర్ని పంపాలో తేల్చాల్సిందీ ఆవిడే.

"ఎందుకు లేరూ? నేను లేనూ?" అన్నాడు మరిది, గోడకి జారబడి.

పెయింటరు గుటక వేయడం ఆపాడు. "నువ్వా? ఎప్పుడు బాబాయ్?"

"ఆరేళ్ళయింది. నేను అత్తారింటికి వెళ్ళాననుకున్నారే, ఆ పది రోజులు."

"మీ అత్తగారు కాలు విరిగి నీచేత సేవ చేయించుకున్నప్పుడా?" అంది వదిన.

"విరిగింది ఒక్క కాలేగా వదినా, దానికి పది రోజులెందుకు? రెండు రోజులు సేవ, ఎనిమిది రోజులు దీవి."

వదిన పెదవి బిగించుకుంది. మరిది మాటలు కోటలు దాటతాయని ఆవిడకి కొత్తగా తెలియాల్సిన పని లేదు. కానీ దీవి మొహం చూసిన మనిషి ఒకడుంటే పని సులువవుతుంది. సరే, చెప్పనీ అనుకుంది.

"ఆ ఆసుపత్రికే ఫ్రిజ్ తీసుకుని, పడవ దిగి ఇసకలో కాలు పెట్టానో లేదో, కింద నుంచి కుయ్‌మంది. ఏ పిల్లి తోకో తొక్కానని కాలు తీశాను. ఇంకో అడుగు వేశా, మళ్ళీ కుయ్! పిల్లీ లేదు, గిల్లీ లేదు, ఇసకే! ఆ ఇసక గుణం అది, తొక్కితే కూస్తుంది."

అలాంటి ఇసక ఉంటుందని వదిన ఎక్కడో చదివింది. ఫరవాలేదు.

"సన్నవాళ్ళు నడిస్తే పిల్లనగ్రోవి, నాబోటివాళ్ళు నడిస్తే బాకా. అందుకే ఆ దీవిలో దొంగలు లేరు. ఆసుపత్రికి వెళ్ళాలంటే ముందు ఓ చెరువు దాటాలి. చెరువు నిండా జెల్లీ చేపలు. ఒక్కటీ కుట్టదు, పరుపులే అనుకోండి. వాటి మీదే నడుచుకుంటూ పోయాను."

"నీళ్ళమీద నడిచావా?" అన్నాడు వెల్డరు.

"నీళ్ళెక్కడివయ్యా? జెల్లీ చేపలకి చోటు చాలక నీళ్ళే ఒడ్డుకొచ్చి కూర్చున్నాయి! అవతలి ఒడ్డున పీతలు. ఒక్కోటి కుర్చీ అంత. చెట్టెక్కి కొబ్బరికాయ దింపి, కొట్టి, నా చేతికిచ్చింది ఒకటి. నేను తాగుతుంటే నా స్పానరు పట్టుకుని చక్కా పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆసుపత్రికి చేరాక చూస్తే అక్కడి జనరేటరుకి నట్లన్నీ బిగించి ఉన్నాయి!"

"మన దగ్గరికి పంపొచ్చుగా ఒకదాన్ని, వీడికంటే నయం," అంది టీ తెచ్చినావిడ, పెయింటర్ని చూపించి. అరుగంతా ఘొల్లుమంది. వదినకీ నవ్వొచ్చింది. మరిది కోతలు కోస్తే ఎండుగడ్డి కూడా పచ్చగా కనిపిస్తుంది, ఏం చేస్తాం!

"ఇక ఫ్రిజ్ కొండెక్కాలి. దారా, లేదు. పక్కన గుట్ట కనిపిస్తే దానిమీద ఫ్రిజ్‌ని అడ్డంగా పడుకోబెట్టి, ఫ్రిజ్ మీద నేను నడుం వాల్చాను. మెలకువొచ్చి చూద్దును కదా, సగం కొండ ఎక్కేశాం! గుట్ట నడుస్తోంది! గుట్ట కాదు నాయనా, తాబేలు! దాని వీపు మీద రెండు చెట్లు, ఓ పిట్టగూడు, గూట్లో పిల్లలు. రెండు రోజులు నడిచింది. నేను రెండు రోజులూ నిద్రపోయాను."

"ఫ్రిజ్ జారలేదా బాబాయ్?"

"పడుకోబెట్టానుగా! పైకి చేరేసరికి గుమ్మంలో డాక్టరమ్మ ఏడుస్తోంది, ఐసు కరిగిపోతోంది. అలా దించాను, ఇలా ప్లగ్గు పెట్టాను, టక్కున స్విచ్ వేశాను. జుయ్‌మని చల్లగాలి! దీవంతా చప్పట్లు!"

అరుగు మీద మాత్రం చప్పట్లు లేవు.

ఇంతసేపూ నోరు విప్పని పెద్దాయన, కంప్రెసర్లు విప్పి బిగించే మనిషి, గ్లాసు కింద పెట్టాడు. "దించాక ఎంతసేపు నిలబెట్టి ఉంచావు?"

"ఉంచడమేంటి? చెప్పానుగా, టక్కున..."

మరిది గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు.

పడుకోబెట్టిన ఫ్రిజ్‌లో కంప్రెసరు నూనె గొట్టాల్లోకి పారిపోతుంది. నిలబెట్టి, అది వెనక్కి దిగేదాకా, రెండు రోజులు పడుకున్నదైతే ఒక రోజంతా, స్విచ్ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కంప్రెసరు హరీ. పనిలో చేరిన మొదటివారంలోనే ఈ విషయంలో చీవాట్లు తినని మనిషి ఆ అరుగు మీద లేడు.

"తాబేలుని నమ్మాను బాబాయ్," అన్నాడు పెయింటరు బాధగా. "పీత నట్లు బిగించిందంటే నమ్మాను. టక్కున స్విచ్ వేశానంటే ఎలా నమ్మను?"

"ఎందుకు నమ్మకూడదు? ఆయనే చెప్తున్నాడుగా," అంది వదిన. "రెండిట్లో ఏదో ఒకటి తేల్చు మరిదీ. దీవికి వెళ్ళి ఆసుపత్రి ఫ్రిజ్ తగలేసి వచ్చావా, అసలు వెళ్ళనే లేదా?"

మరిది పెద్దాయన వంక చూశాడు. వెల్డరు వంక చూశాడు. గుమ్మంలో అట్టపెట్టెలో నిటారుగా నిలబడ్డ కొత్త ఫ్రిజ్ వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నూనె దిగకుండా స్విచ్ వేస్తానా నేను? ఇన్నేళ్ళ పనిలో ఒక్క కంప్రెసరు కాల్చానా? ఎవర్నయినా అడగండి!"

"అయితే?"

"నేను ఆ దీవి మొహం కూడా చూడలేదు వదినా."

అరుగంతా విరగబడి నవ్వింది. వదిన నవ్వలేదు. పడవలో ఫ్రిజ్‌ని పడుకోబెట్టక తప్పదు. ఐసు కరుగుతోందని అక్కడివాళ్ళు కంగారు పెడతారు. వేసెయ్యి, వేసెయ్యి అంటారు. డాక్టరమ్మ నిజంగానే ఏడ్చినా ఏడుస్తుంది. అప్పుడు స్విచ్‌కి అడ్డం నిలబడే మనిషి కావాలి ఆవిడకి.

"సంచి సర్దుకో," అంది. "రేపు పడవెక్కేది నువ్వే."

"వెళ్ళలేదని ఒప్పుకున్నాగా వదినా!"

"విన్నాను. పొద్దున్నే తయారుగా ఉండు."

పెయింటరు మరిది వీపు చరిచాడు. వెల్డరు చెయ్యి కలిపాడు. మరిది ముఖంలో మాత్రం సంతోషం జాడ లేదు.

"నిజంగా చూసొచ్చేస్తే," అన్నాడు దిగులుగా, "ఇక మీకేం చెప్పను?"