ఎండలో కుర్చీ

పాత దుకాణాల సముదాయం గేటు ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కౌంటరు నొక్కుతూ బళ్ళు లెక్కపెడుతున్న అన్నయ్య. చెక్క సుత్తీ, ఎర్రరంగు డబ్బా పట్టుకుని రోడ్డు వార చెట్లను పరీక్షిస్తున్న చెల్లెలు.

"కుర్చీ ఎందుకు జరిపావు?"

"రెండడుగులే కదే. నెత్తి మాడిపోతోంది."

"చెట్టు కింద వద్దన్నానా? గొడుగు తెచ్చాగా."

"గొడుగు ఒక చేత్తో, కౌంటరు ఒక చేత్తో, కర్ర ఏ చేత్తో పట్టుకోను? ఆగు, బస్సు. రెండు కార్లు. మాట్లాడించకు, లెక్క తప్పుతుంది."

"జరుగు ముందు."

"జరుగుతున్నా తల్లీ, జరుగుతున్నా. ఇంత నీడున్న వీధిలో ఎండలో కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే."

"ఆ జేబులో ఇంకో కౌంటరు ఎందుకు?"

"పాతది. పనిచెయ్యదు. నీవి ఎన్నయ్యాయి?"

"ఇరవై అయిదు. ఈ నిద్రగన్నేరే ఆఖరుది."

"ఇరవై అయిదింటికీ ఎర్ర గుర్తేనా?"

"ప్రమాదం ఉన్నవాటికి పెట్టాను."

"అంటే అన్నిటికీ."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. నీ పని నువ్వు చూసుకో."

"నానుతుందిలే. నా పని సంగతా? బళ్ళ రద్దీ రాయమని నన్ను ఇవాళే ఎందుకు పిలిచారంటావు? ఎదురుగా బడి గేటు చూడు. తాళం. సెలవు. రేపైతే ఈ రోడ్డు మీద చీమ దూరే సందుండదు. ఇక్కడ అయిదంతస్తుల మాల్ కట్టినా రోడ్డుకేమీ ఇబ్బంది లేదని నా కాగితం చూపించి అనుమతి తెచ్చుకుంటారు. నా లెక్కలో అబద్ధం లేదే. రోజులో ఉంది."

"తెలిసీ ఎందుకు కూర్చున్నావు?"

"ఈ కాలితో ఇంకెక్కడ కూర్చోను?"

"ఆ కాలి మాట ఎత్తకు."

"అలా మొహం పెట్టకు. ఏదో అన్నాను. అదిగో, నీ ఫోను."

"సార్... ఆఖరు చెట్టు దగ్గరే ఉన్నా సార్... నాలుగింటికల్లా జాబితా పంపిస్తా... అన్నీ సార్, ఇరవై ఆరూ... రేపు పొద్దున్నే రంపాలవాళ్ళా? అంత తొందరగానా?... లేదు సార్, నాకేం అభ్యంతరం... సరే సార్."

"ఇరవై ఆరూ అని చెప్పేశావు. ఆఖరుదాన్ని ఇంకా సుత్తితో కొట్టనేలేదు."

"కొడుతున్నాగా. విను."

"విన్నా. ఇక్కడికే ఖణేల్మని వినిపిస్తోంది. డొల్ల మోత లేదు. గట్టి చెట్టు."

"అదీ గట్టిగానే మోగింది అన్నయ్యా. మన వాకిట్లోది. పక్కింటివాళ్ళు భయపడుతుంటే 'మంచి చెట్టు, భయం లేదు' అని నేనే రాసి సంతకం పెట్టా. మూడో రోజుకి కొమ్మ నీ కాలి మీద ఉంది."

"తొమ్మిదేళ్ళయిందే."

"నాకు రోజూ కొత్తే. పొద్దున్నే మెట్ల మీద నీ కర్ర చప్పుడుకి లేస్తాను. నువ్వొక్క మాటన్నావు కాదు. తిట్టినా బాగుండేది. 'మంచి చెట్టు' అని రాయాలంటే ఇప్పటికీ పెన్ను ముందుకెళ్ళదు. ఎర్ర గుర్తయితే ఆగకుండా పెట్టేస్తాను. చెట్టే లేకపోతే ఎవరి మీదా పడదు కదా."

"అందుకే నిన్ను పిలుస్తారు."

"ఏంటి?"

"మాట్లాడించకు, లారీ..."

"లారీ లేదు, ఏమీ లేదు. ఏమన్నావు?"

"పొద్దున ఈ మాల్ కట్టేవాళ్ళ మేనేజరు ఎవరికో చెప్తుంటే విన్నా. నేను బళ్ళ ధ్యాసలో ఉన్నాననుకున్నాడు. 'చెట్ల పనికి ఆవిణ్ణే పిలవండి. బతిమాలక్కర్లేదు, బెదిరించక్కర్లేదు. ఆవిడ భయమే మనకి చాలు' అన్నాడు."

"అనుకోనీ."

"చెల్లీ..."

"అనుకోనీ అన్నాగా! దీన్ని వదిలేస్తే రేపు దీని కింద ఇంకో అన్నయ్య కూర్చుంటాడు. వదిలెయ్యమంటావా? నీ కాలు చూస్తూ వదిలెయ్యమంటావా? నీ కుర్చీ పక్కన పెట్టిన ఆ రంగు డబ్బా ఇలా అందించు."

"ఇవ్వను."

"అన్నయ్యా, టైమవుతోంది."

"నాన్న రంపం గుర్తుందా?"

"ఇప్పుడు రంపం గొడవేంటి? పోయిందిగా. ఇల్లంతా వెతికాం."

"నువ్వు వెతికావు. నేను మంచం మీంచి చూశాను."

"అయితే?"

"ఆ కొమ్మ నా కిటికీకి రాసుకుంటూ గీ గీ మనేది. కొట్టేద్దామంటే నువ్వు వద్దన్నావు. పచ్చటి కొమ్మ, ముట్టుకోకన్నావు. నువ్వు ఆఫీసుకెళ్ళాక..."

"వెళ్ళాక?"

"ఎక్కాను. కూర్చున్నాను. కోశాను."

"ఏ... ఏ కొమ్మని?"

"కూర్చున్నదాన్నే."

"కూర్చున్న కొమ్మనా?"

"అలాంటివాడు సామెతలోనే ఉంటాడనుకుంటారు కదా. రంపమూ నాతోపాటే పడింది. జనం పోగయ్యేలోపు బాగున్న కాలితో మురుక్కాలవలోకి తోసేశాను, నవ్వుతారని. అంత నొప్పిలోనూ అదే భయం చూడు! నీకు మాత్రం రెండ్రోజులాగి చెప్దామనుకున్నా. ఈలోగా నువ్వు ఆసుపత్రి నుంచే ఫోన్ చేసి చెట్టుని మొదలంటా కొట్టించేశావు. నా మంచం పట్టుకుని ఏడ్చావు. ఆ తర్వాత నన్ను ఎంత బాగా చూసుకున్నావే! చెప్తే అదెక్కడ పోతుందోనని..."

"నా మనసు తేలికచెయ్యడానికి కట్టుకథ చెప్తున్నావు."

"కట్టుకథైతే ఇంతకంటే పరువైనది కట్టేవాణ్ణి."

"ఒట్టు?"

"ఈ కాలి మీద ఒట్టు."

"మరి ఇన్నాళ్ళూ నా వెనకే తిరిగావు కదా. ప్రతి చోటికీ వచ్చావు. గుర్తు పెట్టిన ప్రతిసారీ పక్కనే కూర్చున్నావు. చూస్తూ..."

"చూస్తూ. ఈసారి చెప్తా, ఈసారి చెప్తా అనుకుంటూ."

"తొమ్మిదేళ్ళు! ఏ చెట్టునీ వెనక్కి తిరిగి చూడలేదు నేను. ఎన్నింటిని కొట్టించానో నాకే తెలీదు."

"నాకు తెలుసు."

"నీకెలా తెలుసు? ఏం తీస్తున్నావు? అది పనిచెయ్యదన్నావుగా."

"పనిచేస్తుంది. నువ్వు రంగు పూసినప్పుడల్లా ఒకసారి నొక్కాను. ఇదిగో, నువ్వే చూడు. నాలుగు వందల పదకొండు. ఇవాళ్టివి ఇంకా నొక్కలేదు."