చెపీతా రెక్క మీద సుద్దగీత

పేరు కాస్తులో ఇంటెరియానో. తండ్రి పేరు అడగొద్దు, మా అమ్మే అడగలేదు. వయసు నలభై తొమ్మిది. వృత్తి బోర్డులు రాయడం. చదువు నాలుగో తరగతి, అదీ రెండుసార్లు. నివాసం శాంతా రుఫీనా, చేపల వీధి, ఆకుపచ్చ తలుపు ఇల్లు. 1999 జనవరి 2, శనివారం, ఉదయం 9 గంటల 10 నిమిషాలకు ఈ ఊరి పోలీసు ఠాణాలో, సార్జెంటు గారు అడిగిన మీదట చెబుతున్నాను.

ముందుగా సమస్త ప్రజానీకానికి, ఈ ఠాణా గోడ మీది బల్లితో సహా, తెలియజేసుకోవడమేమనగా: ఠాణా బోర్డు మీద ‘పోలీసు’ అన్న మాటలో ఒక అక్షరం లేకపోవడం నా తప్పు కాదు. నేను పూర్తిగానే రాశాను. అక్టోబరు తుఫానులో ఆ రేకుముక్క ఎగిరిపోయింది. రెండవది, మాంసం కొట్టు బోర్డు మీది పంది మన మేయరు గారిలా ఉందన్న మాట పచ్చి పుకారు. పందిని నేను ముందు గీశాను, మేయరు తర్వాత గెలిచాడు. ఈ రెండూ రాసుకుంటేనే మిగతాది చెబుతానన్నాను. సార్జెంటు గారు రాసుకున్నారు. ఇక చెబుతాను.

అబుందియో మెహియా అనే అరవై ఆరేళ్ళ మనిషి డిసెంబరు 28 సాయంత్రం నుంచి కనిపించడం లేదు. ఆయన చెల్లెలు, కిరాణా కొట్టు తిర్సా, మర్నాడు ఫిర్యాదు ఇచ్చింది. ఆయనతో చివరిసారి మాట్లాడింది నేనే గనుక నన్ను పిలిచారు.

సోడా ఫ్యాక్టరీ యజమాని దోన్ లెయోనిదాస్ 1997 ఆగస్టులో ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో మ్యూజియం పెట్టాడు. సైన్యం వదిలేసిన పాత యుద్ధ విమానాలు మూడు కొన్నాడు. ఎందుకంటే ఆయనకు పిల్లనిచ్చిన మామకు గుర్రాలుండేవి, అంతకంటే పెద్దవి ఏవైనా కావాలనుకున్నాడు. పద్నాలుగు నెలలు నడిచింది. అక్టోబరులో శంఖు మాంసం పులుసు తింటూ చెంచా నోట్లో ఉండగానే చనిపోయాడు. వారానికే తుఫాను వచ్చింది, షెడ్డులో నడుములోతు నీళ్ళు నిలిచాయి. రెండు విమానాలు తుక్కయ్యాయి. మిగిలింది వంకర రెక్కల విమానం ఒక్కటే. దాని పేరు చెపీతా. ఆ పేరు రాసింది నేనే.

అబుందియో ఆ మ్యూజియం కాపలాదారు. అంతకుముందు వైమానిక దళంలో మెకానిక్కు. 1969లో పొరుగుదేశంతో జరిగిన యుద్ధంలో చెపీతాకు నట్లు బిగించినవాడు. రోజూ పొద్దున్నే చెల్లెలి పాత లంగా గుడ్డతో దాన్ని తుడిచేవాడు. ఇంజనుకు చెవి ఆనించి, చచ్చిన ఇంజనే అయినా, “ఊఁ, ఊఁ” అంటూ వినేవాడు.

మ్యూజియం తెరిచిన రోజు పాదిరి గారు విమానాల మీద మంత్రజలం చల్లారు. బాప్తిస్మంలో బిడ్డకు నిలబెట్టినట్టు, చెపీతాకు జ్ఞానతండ్రులుగా అబుందియోను, నన్ను నిలబెట్టారు. నన్నెందుకంటే, రంగు ఆరక నేనింకా అక్కడే ఉన్నాను. ఒకే బిడ్డకు జ్ఞానతండ్రులమైతే మేం కొంపాద్రేలమైనట్టు. బిడ్డ ఇనుపదైనా లెక్క లెక్కే. కొంపాద్రేలు ఒకరినొకరు ఒరేయ్ అనుకోకూడదు. ఇరవై ఏళ్ళు ఒరేయ్ అనుకున్నవాళ్ళం, ఆ రోజు నుంచి ‘మీరు’ అంటూ తిట్టుకున్నాం.

దోన్ లెయోనిదాస్ పోయాక అల్లుడు ఎవెలియో షెడ్డులో కోళ్ళు పెంచుతానన్నాడు. పాత విమానాలు కొనే విదేశీ దొర ఒకాయనకు అబుందియో ఉత్తరం రాశాడు. దొర జవాబు రాశాడు: జనవరి 4న వస్తాను, విమానం బాగుంటే కొంటాను, దాన్ని చూసుకోవడానికి నిన్నూ తీసుకుపోతాను అని. ఎవెలియో సరే, ఆ తేదీ దాకా ఆగుతాను అన్నాడు. అబుందియో ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. దొర కోసం కొత్త బూట్లు కొన్నాడు.

డిసెంబరు 28 మాకు అమాయకుల దినం. రాజధాని నుంచి వచ్చే పెద్ద అధికారులు మరిచిపోయి ఉంటారని చెబుతున్నాను. ఆ రోజు ఎవరు ఎవరిని మోసం చేసినా తప్పు లేదు. ఆ రోజు అరువిచ్చిన వస్తువు తిరిగి అడిగే హక్కు లేదు. ఒకడి ఆట సాగుతుండగా ఇంకొకడు గుట్టు విప్పడం మర్యాద కాదు. పదకొండేళ్ళుగా ప్రతి 28న అబుందియోను మోసం చేశాను. పదకొండేళ్ళూ మోసపోయాడు.

ఉదయం 7:30కు షెడ్డుకు వెళ్ళాను.

“కొంపాద్రే, తాళంచెవి ఇలా ఇవ్వండి. తోక మీద అక్షరాలు వెలిశాయి, దొర వచ్చేలోగా మెరుగు పెడతాను” అన్నాను.

“మధ్యాహ్నానికి ఇచ్చెయ్యండి.”

తాళంచెవి జేబులో వేసుకుని, “ఇవాళ తారీఖెంత?” అన్నాను.

“మీ నోట్లో మన్ను పొయ్య!” అని పడీపడీ నవ్వాడు. “పోనీలెండి. మీ దగ్గరుంటే నా దగ్గర ఉన్నట్టే.”

8:15కు టెలిఫోను ఆఫీసు నుంచి తిర్సా కొట్టుకు ఫోను చేశాను, ఆ వేళకు అబుందియో అక్కడే కాఫీ తాగుతుంటాడు. ముక్కు మూసుకుని దొర గొంతు పెట్టాను. “దోన్ అబుందియో! నేను ముందే వస్తోంది. ఇవాళ వస్తోంది. సాన్ పెద్రో బస్టాండులో నువ్వు నిలబడాలి. నేను ఎర్ర టోపీ పెడుతోంది” అన్నాను. అవతల ఆయన శ్వాస వినిపించింది. “అలాగే సార్. చెపీతా బాగుంది సార్. మిమ్మల్ని అడిగింది సార్” అన్నాడు. 8:40 బస్సు ఎక్కాడు. కొత్త బూట్లు వేసుకున్నాడు. సాన్ పెద్రోకు రెండున్నర గంటలు.

10:20కు నేను షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉండగా ఎదుట లారీ ఆగింది. సత్తుగిన్నెలు పోసే మెల్చోర్, ఆరుగురు మనుషులు, గొడ్డళ్ళు, ఇనుము కోసే యంత్రం ఒకటి. “ఎవెలియో గారు పంపారు. విమానం కోసి పట్టుకెళ్ళమన్నారు. తాళం తియ్యి” అన్నాడు మెల్చోర్.

ఇక్కడ సార్జెంటు గారు ఎందుకు తీశావని అడిగారు. చెబుతున్నాను. పోయినేడాది 28న ఎవెలియో కారు మీద ‘ఇచ్చట వరాహ వైద్యము చేయబడును’ అని రాశాను. నెల రోజులు ఊళ్ళో అందరూ అతన్ని డాక్టరు గారూ అన్నారు. అందుకు బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. జనవరి 4 దాకా ఆగుతానన్నవాడు 28నే లారీ పంపితే మా ఊళ్ళో ఎవరైనా ఏమనుకుంటారు? నేను తెల్లబోతే నవ్వుదామని ఎవెలియో ఏ గోడ చాటునో ఉన్నాడనుకున్నాను. నేను తెల్లబోయే రకం కాదు. తాళం తీశాను.

“ఏం చేస్తారు దీన్ని?”

“గిన్నెలు. మీ ఇళ్ళల్లో బీన్సు ఉడకేసుకోవచ్చు.”

“అయితే ఇలా అడ్డదిడ్డంగా నరుకుతారా? మీ అమ్మ కోడిని ఇలాగే కోసేదా? ఆగండి, గీతలు గీస్తాను.”

జేబులోంచి సుద్ద తీసి రెక్క మొదట్లో ఒక గీత, వంపు దగ్గర ఒక గీత, నడుము దగ్గర ఒక గీత గీశాను. పక్కన ‘పక్కటెముకలు’, ‘తొడ’, ‘మెడ’ అని మాంసం కొట్టు పటంలో రాసినట్టు రాశాను. మెల్చోర్ మనుషులు నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను ఎవెలియో మనిషిని అనుకున్నారని తర్వాత తెలిసింది.

10:45కు తిర్సా కొట్టుకు వెళ్ళి బీన్సు పెట్టి మడిచిన రొట్టె, బలేయాదా, అడిగాను. 11:05కు గొడ్డలి చప్పుడు వినిపించింది. ఖాళీ పీపాలు కొడుతున్నారనుకున్నాను. ఎవెలియో ఈసారి బాగా శ్రద్ధ పెట్టాడే అనుకున్నాను. ఇంకో బలేయాదా తిన్నాను. తిర్సా, “అన్నయ్య వెళ్ళేటప్పుడు మొహం చూడాలి, చర్చిలో మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోబోయే పిల్లాడిలా ఉన్నాడు” అంది. ఆమె కూడా దొర ఫోను నిజమనే నమ్మింది.

11:50కు షెడ్డుకు వెళ్ళాను. కుడి రెక్క నేల మీద ఉంది. నా గీత మీదే తెగింది. వేలెడు కూడా అటూ ఇటూ పోలేదు. ఆపండి అని అరిచాను. మెల్చోర్, “ఇందాక గీతలు గీసింది నువ్వే కదయ్యా, ఇప్పుడేమైంది? నాకూ తెలుసులే ఇవాళ తారీఖు” అని కన్ను గీటాడు. కాళ్ళు పట్టుకున్నాను. వాళ్ళు ఇంకా నవ్వారు. నిజంగానే ఏడ్చాను. ఏడుపు బాగా కుదిరిందని ఒకడు చప్పట్లు కొట్టాడు. ఎడమ రెక్క కూడా నా గీత మీదే తెగింది.

3:15కు లారీ రెండో దఫా వెళ్ళిపోయింది. షెడ్డు ఊడ్చి మరీ పోయారు. ఒక్క మేకు మిగల్లేదు. అప్పటికి ఇరవై మంది పోగయ్యారు.

4:40కు అబుందియో తిరిగొచ్చాడు. బస్టాండులో మూడు గంటల పాటు ఎర్ర టోపీల వెంట తిరిగాడట. ఎర్ర టోపీ పెట్టుకున్న ఐసు గోలాలవాడొకడు, “ఇవాళ ఏ రోజో తెలియదా తాతా?” అని నవ్వాడట. ఆయనకు కోపం రాలేదు. నన్ను చూడగానే వేలు చూపించి, “పన్నెండో ఏడు!” అన్నాడు. తర్వాత ఖాళీ షెడ్డు చూశాడు.

చూసి పకపకా నవ్వాడు. “ఓరి నీ! విమానాన్నే మాయం చేశావట్రా! ఎంతమంది మోశారు? చెప్పరా, ఎక్కడ దాచావు?” అన్నాడు. కొంపాద్రేలమయ్యాక నన్ను ఒరేయ్ అనడం అదే మొదలు.

“చెపీతా లేదు కొంపాద్రే. కోసేశారు. నిజంగా” అని నేను చెప్పాను.   ఆయన బూట్లు విప్పి, తాళ్ళు ముడేసి మెడలో వేసుకుని, బస్సుల రోడ్డు వైపు వెళ్ళిపోయాడు. సాన్ పెద్రోకు గానీ, రాజధానికి గానీ వెళ్ళి ఉంటాడు. ఇరవై మందీ ఇదే చెబుతారు.

ఈ మాట 29నే చెప్పాను. పోలీసువారు నాలుగు రోజులుగా ఆ రోడ్డు మీద ఆస్పత్రులు, బస్టాండులు వెతుకుతున్నారు.

బస్సు ఎక్కేవాడు బూట్లు మెడలో ఎందుకు వేసుకుంటాడని సార్జెంటు గారు అడిగారు. కొత్త బూట్లు, కరిచి ఉంటాయన్నాను.

పై వాంగ్మూలాన్ని సార్జెంటు గారు నాకు చదివి వినిపించారు. చెప్పింది చెప్పినట్టే రాసి ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆశపెట్టలేదు. ఇందులో ఉన్నదంతా నిజమని సంతకం చేయమన్నారు. కలం పట్టుకున్నాను. తిర్సా బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ లంగా గుడ్డ ఉంది.

ఇంకొక్క మాట రాసుకోవాలి.

‘కోసేశారు’ అని నేను చెప్పలేదు. ఆయన బస్సుల రోడ్డు వైపు వెళ్ళనూ లేదు, ఆ రెండూ కల్పించాను. మిగతాదంతా నిజం.

ఆయన ఎక్కడ దాచావురా అని అడిగినప్పుడు ఇరవై మంది నా నోటి వైపు చూస్తున్నారు. జాలిపడి అబద్ధమాడానని రాయించాలని ఉంది. జాలి కాదు. ఆయన మొహంలో ఆ నవ్వు, చుట్టూ ఇరవై మంది, పన్నెండో ఏడు. నోరు దానంతటదే తెరుచుకుంది. “ఏటి అవతల, అరటితోటలకు మందు కొట్టే పాత విమానాల మైదానంలో పెట్టాం కొంపాద్రే. మీ కోసం ఎదురుచూస్తోంది” అన్నాను. ఒక్కరూ గుట్టు విప్పలేదు. ఒకడైతే, “తొందరగా వెళ్ళండి, మంచు పడితే రంగు పాడవుతుంది” అన్నాడు.

తుఫానుకు ఏటి మీది వంతెన కొట్టుకుపోయిందని ఆయనకూ తెలుసు. బూట్లు విప్పింది అందుకే. దొర కోసం కొన్న బూట్లు తడవకూడదని. ఏటి వైపు నడుస్తూ వెనక్కి తిరిగి, “తాళంచెవి మీరే ఉంచుకోండి, ఇవాళ ఇచ్చింది తిరిగి అడక్కూడదు!” అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళాం.

రోడ్డు మీద వెతకడం ఆపించండి. ఏటి వెంట దిగువకు వెతకమనండి.

తాళంచెవి ఈ బల్ల మీద పెడుతున్నాను. కలం కూడా దాని పక్కనే పెట్టేస్తున్నాను. వేలిముద్ర తీసుకోండి.

కాస్తులో ఇంటెరియానో, ఎడమ బొటనవేలి ముద్ర.
ఉదయం 10 గంటల 25 నిమిషాలు.