ఫోన్లు దించేశాక పట్టిన కాలు

ఈ సభను నడిపిస్తున్న మా ప్రిన్సిపాల్ యలమందయ్య గారికీ, యూనివర్సిటీ నుంచి పని మానుకుని వచ్చిన స్పోర్ట్స్ సెక్రటరీ ఖలీల్ గారికీ, వేదిక మీది పెద్దలకీ, స్టాఫ్ రూములో ఇన్నాళ్ళూ నా గట్టి గొంతును భరించిన సహోద్యోగులకీ, పొద్దున్నే ఎండలో పరిగెత్తించినందుకు నన్ను లోలోపల తిట్టుకున్న విద్యార్థులకీ, చివరి వరుసలో కూర్చుని భోజనాలు ఎప్పుడా అని తలుపు వైపు చూస్తున్న మా కబడ్డీ జట్టుకీ నమస్కారం. (నవ్వులు)

ఖలీల్ గారూ అనడానికి నాకు నోరు తిరగడం లేదు. ఇదే గ్రౌండులో ఒరేయ్ అని పిలిచి చెవి మెలిపెట్టిన శిష్యుణ్ణి, ఇవాళ గారు తగిలించి వాడి చేతే శాలువా కప్పించుకోవాల్సి వస్తోంది. కప్పేటప్పుడు నా చెవిలో "సార్, చెవి ఇంకా నొప్పిగానే ఉంది" అన్నాడు. (నవ్వులు) నాకంటే ముందు మాట్లాడిన వాళ్ళందరూ నన్ను ఎంత పొగిడారంటే, ఇంత మంచి మనిషిని గవర్నమెంటు ఎందుకు ఇంటికి పంపిస్తోందో నాకే అర్థం కాలేదు. ముందు వరుసలో మా ఆవిడ కోటేశ్వరమ్మ ముఖం చూడండి, ఆవిడకు అసలే అర్థం కాలేదు. రేపటి నుంచి పొద్దున్నే విజిల్ ఎవరి మీద ఊదుతానా అని ఆవిడ భయం. (నవ్వులు)

మా నాన్నగారు కనిగిరిలో అర్చకులు. నన్నూ ఆ దారిలోనే పెడదామని చిన్నప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని మంత్రాలు వల్లె వేయించారు, కానీ నాకు వంటబట్టింది మంత్రం కాదు, మధ్యలో ఆగకుండా ఊపిరి నిలుపుకోవడం. ఆ ఊపిరితో నేను వీధి చివర చెడుగుడుకి పారిపోయాను. పంతులుగారబ్బాయి చొక్కా విప్పి కూతకెళ్తున్నాడని ఊళ్ళో నవ్వారు. ఆ నవ్విన వాళ్ళే తర్వాత తమ పిల్లల్ని నా దగ్గరకు పంపించారు కాబట్టి నాకు ఎవరి మీదా కోపం లేదు. నాకు తెలిసిందల్లా ఒకటే పని: ఒక పిల్లవాడు గీత దాటి అవతలికి వెళ్ళి తిరిగి వస్తుంటే, వాడు ఆటగాడో కాదో చెప్పడం. ఆ పని నాకు బాగా వచ్చు. వినయం కోసం కూడా రాదని చెప్పను.

ఇక అసలు సంగతికి వస్తాను. ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుంటున్నారు, ఫరవాలేదండీ, నా ఉద్యోగం సాయంత్రం అయిదింటి దాకా ఉంది. (నవ్వులు) అందాకా నేను యూనివర్సిటీ కబడ్డీ సెలెక్షన్ కమిటీలో మెంబర్ని కూడా. జట్టుకు పన్నెండు మంది కావాలి. పదకొండు పేర్ల దగ్గర గొడవ లేదు. పన్నెండో పేరు దగ్గర జాబితా ఆగిపోయింది. ఆ పేరు ఎవరిదో ఈ హాల్లో అందరికీ తెలుసు. మా ఫస్టియర్ కుర్రాడు వీరబాబుది.

దర్శి దగ్గర మిరప పండించుకునే ఇంటి నుంచి వచ్చాడు వీరబాబు. వాడు అడ్మిషన్ తీసుకోకముందే వాడి వీడియోలు వచ్చేశాయి. ఊరి తిరనాళ్ళలో వాడు కూతకెళ్ళి ముగ్గుర్ని మీదేసుకుని నడిగీత మీద పడటం మీరందరూ చూసినదే. స్టాఫ్ రూములో ఆ వీడియో ఎన్నిసార్లు మోగిందో, పక్కన కూర్చున్న లెక్కల మేడం గారు కూడా బోనస్ పాయింటంటే ఏమిటో నేర్చేసుకున్నారు. (నవ్వులు) కాలేజీ తెరిచేసరికి గేటు దగ్గర ఫ్లెక్సీ. "కూత సింహం" అని రాసి, వాడి బొమ్మ వెనకాల నిజంగానే ఒక సింహాన్ని పెట్టారు. అప్పటికి ఆ కుర్రాడు మన జెర్సీ ఒంటి మీద వేసుకోలేదు. ఆ పొగడ్త చూసి నాకు ఒళ్ళు మండిందని దాచుకోకుండా చెబుతున్నాను.

మన మిర్చి యార్డుకు టిక్కీ బస్తాలు వేసుకెళ్ళే రైతులు ఇక్కడ చాలామంది ఉన్నారు. బస్తా మూతి దగ్గర ఎర్రగా నిగనిగలాడే కాయను చూసి ఎవరైనా ధర చెబుతారా? నడుమలోకి చెయ్యి పెట్టి గుప్పెడు కాయ బయటికి లాగి, విరిచి, వాసన చూశాకే కదా మాట్లాడతారు. వీడియో అంటే మూతి దగ్గరి కాయ. అందుకని నేను వీరబాబును బెంచీ మీద కూర్చోబెట్టాను. ఈ ముసలాయనకు కళ్ళు పోయాయని కాంటీన్లో అన్నారు. అన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్ళకూ భోజనం ఉంది. (నవ్వులు)

ప్రాక్టీసులో నేను చూసింది చెబుతాను. కుడివైపు టచ్‌కి వెళితే వాడిని ఆపడం కష్టం, ఎడమవైపు అసలు వెళ్ళడు. మట్టి మీద ఆడినవాడు కాబట్టి మ్యాట్ మీద మడమ ముందు ఆనిస్తాడు, జారతాడు. ఇవన్నీ దిద్దుకునే సంగతులు. కానీ వాడి ఊపిరి, అబ్బ, ఆ ఊపిరి నేను ఇన్నేళ్ళ సర్వీసులో ఇంకెవరిలోనూ చూడలేదు. కూత మొదట్లో ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉంటుంది, గొంతు పలచబడదు. అది దిద్దితే వచ్చేది కాదు.

ఇక జోనల్ ఫైనల్. ఆ రోజు సంగతి మీకు ఒక రకంగా తెలుసు, నాకు ఇంకో రకంగా తెలుసు. ఆట ముగిసే వేళకు మనం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నేనే వీరబాబును పంపాను. గ్యాలరీ అంతా లేచి నిలబడి ఫోన్లు పైకెత్తింది. వాడు నడిగీత దాటాడు, నోరు తెరిచాడు, కబడ్డీ అనాల్సిన చోట "చెడుగుడు చెడుగుడు" అనేశాడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రూలు ప్రకారం కూత కబడ్డీ అనే ఉండాలి, అది అంపైరుకు స్పష్టంగా వినపడాలి. ఇంకో మాట వస్తే విజిల్ వేసి వెనక్కి పంపేస్తారు, అవతలి జట్టుకు ఒక పాయింటు ఇస్తారు, రైడ్ కూడా వాళ్ళకే పోతుంది. అంపైరు చేసింది న్యాయమే. చెడుగుడు అని పలికే ఊళ్ళలో పుట్టిన కుర్రాడికి తప్ప ఈ పొరపాటు ఇంకెవరికీ రాదు. ప్రాక్టీసులో ఒక్కసారి కూడా రాని మాట, గుండె దడదడలాడేసరికి వచ్చేసింది. విజిల్ పడగానే గ్యాలరీలో ముందు నవ్వు, తర్వాత తిట్లు, ఆ తర్వాత ఫోన్లన్నీ కిందికి దిగిపోయాయి. సగం మంది లేచి బస్సుల దగ్గరకు వెళ్ళిపోయారు.

ఫోన్లు దించేశాక ఏం జరిగిందో చెబుతాను. అవతలివాడు రైడ్‌కి వచ్చాడు. గెలుపు ఖాయం కాబట్టి నడిగీత దగ్గరే అటూ ఇటూ ఊగుతూ టైము గడుపుతున్నాడు. మన జట్టులో మిగతావాళ్ళు తలలు వేలాడేసుకుని నిలబడ్డారు. అంతమందిలో అవమానం పొందిన ఆ ఫస్టియర్ కుర్రాడు మాత్రం, రైడ్‌లు తప్ప ఇంకోటి తెలియదని మనమందరం అనుకున్నవాడు, కార్నర్ నుంచి నేల మీద పాక్కుంటూ వెళ్ళినట్టు దూకి ఆ రైడర్ చీలమండ పట్టేశాడు. వాడు ఎంత ఈడ్చినా వదల్లేదు. మాటతో పోగొట్టిన పాయింటు చేత్తో తెచ్చాడు. అప్పుడు టైము అయిపోయింది, ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆ పట్టు ఎవరి ఫోన్లోనూ లేదు. నేను చూశాను, ఖలీల్ చూశాడు.

మర్నాటి నుంచి వీరబాబు బస్సెక్కితే చెడుగుడు, కాంటీన్‌కొస్తే చెడుగుడు, హాస్టల్ గోడ మీద బొగ్గుతో చెడుగుడు. ఫ్లెక్సీ మాయమైంది. అది ఎవరి కల్లంలోనో మిరపకాయల మీద కప్పి ఉందని విన్నాను, ఆ సింహం మొదటిసారి ఒక పనికొచ్చింది. (నవ్వులు) కుర్రాడు సామాను సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. ఫోనెత్తలేదు. కమిటీలో ఇద్దరు మెంబర్లు, ఒత్తిడికి తట్టుకోలేనివాణ్ణి ఎలా తీసుకుంటామన్నారు. వీడియోలు చూసి ముందు పూనకం వచ్చినట్టు వాడికి ఓటేసింది కూడా వాళ్ళే.

మొన్న వాడి అమ్మ వెంకటేశ్వరమ్మ గారు నన్ను వెతుక్కుంటూ గ్రౌండుకి వచ్చారు. కోతల మధ్య పని వదిలేసి వచ్చిన మనిషి, కూర్చోమంటే కూర్చోలేదు. మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కన, ఆడవాళ్ళు నడుం వాల్చే వేళ, ఆవిడ పిల్లవాడితో చెడుగుడు ఆడేవారట. గాలి నిండా ఘాటు, దగ్గు రాకుండా ఊపిరి బిగపట్టి కూత పెట్టడం అక్కడే నేర్పారట. తర్వాత ఆవిడ అన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

"ఆ చెడుగుడు మాట వాడి నోట్లో పెట్టింది నేనే సారూ. నా మూలాన వాడు చెడిపోయాడా? పనికొస్తాడా, రాడా, సూటిగా చెప్పండి. రాడంటే కాలేజీ మానిపించి చేలోకి తీసుకుపోతా."

వాణ్ణి చూసి నవ్వింది అందరి ముందు కాబట్టి జవాబు కూడా అందరి ముందే చెబుతాను, నా వీడ్కోలు సభకు రండమ్మా అన్నాను. వచ్చారు. అదుగో, ద్వారం పక్కన నిలబడే ఉన్నారు. ఎవరైనా లేచి ఆ తల్లికి కుర్చీ ఇవ్వండి. (హాల్లో కదలిక)

అమ్మా, ముందు ఖలీల్ గారితో ఒక మాట చెప్పి మీ దగ్గరకు వస్తాను. ఖలీల్ గారూ, కమిటీ మెంబరుగా నా అభిప్రాయం రాసుకోండి. పన్నెండు మందిలో వీరబాబు ఉండాలి. మొదటి ఏడుగురిలో వద్దు, ఎడమవైపు నేర్చుకునే దాకా బెంచీ మీదే కూర్చోనివ్వండి. వాణ్ణి అందరూ నెత్తిన పెట్టుకున్నప్పుడు వద్దన్నది నేనే, ఇప్పుడు అందరూ దించేశాక కావాలంటున్నదీ నేనే. రెండుసార్లూ నేను చూసింది ఆ కుర్రాణ్ణే, జనాన్ని కాదు. సంతకం భోజనాలకు ముందే పెడతాను. (చప్పట్లు)

ప్రిన్సిపాల్ గారూ, సహోద్యోగులూ, పిల్లలూ, నన్ను ఇన్నాళ్ళు మీలో ఒకడిగా ఉంచుకున్నందుకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ గ్రౌండు వదిలి వెళ్ళడం నాకు చాలా కష్టంగా ఉంది. ఏడవను, మా ఆవిడ చూస్తోంది. (నవ్వులు)

వెంకటేశ్వరమ్మ గారూ, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. మీరు వాడి నోట్లో పెట్టిన మాటను వారం రోజుల్లో మార్పించుకోవచ్చు. ఆ కల్లం పక్కన మీరు వాడికి ఇచ్చిన ఊపిరిని ఏ కోచూ ఇవ్వలేడు. మీ మూలాన వాడు చెడిపోలేదమ్మా, మీ మూలానే ఆటగాడయ్యాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళి చెప్పండి, రేపు పొద్దున్నే వాణ్ణి గ్రౌండుకి రమ్మనండి. నేను ఉండను. అయినా రమ్మనండి.

ఇక నాకు సెలవు.