అడిగిన ఓటు

2010 మే నెల, స్కూల్ బోర్డు ఎన్నికల రోజు. పొద్దుటి నుంచీ ఆకాశం సగం మబ్బు, సగం ఎండ. వర్జీనియాలో ఓ చిన్న ఊరు. చీకటి పడ్డాక భోజనాల బల్ల దగ్గర పోటీ చేసిన గిరిజ, ఆమె భర్త రాజ్, మామగారు వెంకటస్వామి.

"సమానం అంటే ఏంటండీ?"

"టై, గిరీ. నీకెన్ని ఓట్లో నీ మీద నిలబడ్డ ఆ హాలోవే గారికీ అన్నే. నీతోనే కదా ఫోన్‌లో చెప్పారు."

"సరిగ్గా లెక్కపెట్టారో లేదో."

"మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టారట."

"పొద్దున ఆకాశం చూసినప్పుడే అనుకున్నానమ్మా. ఇవాళ ఎటూ తేలేట్టు లేదని."

"మామయ్యగారూ, మీరు కూడా మొదలెట్టకండి. ఏవండీ, టై అయితే ఏం చేస్తారట? మళ్ళీ పెడతారా?"

"మళ్ళీ ఏం పెట్టరు. మీ ఇద్దరి పేర్లూ చీటీల మీద రాసి, గిన్నెలో వేసి, ఒకటి తీస్తారట. వచ్చే సోమవారం."

"చీటీలా?"

"చీటీలే."

"చలికాలం నుంచీ తిరిగాను. మంచులో జారిపడ్డాను. ఎవరిదో కుక్క నా చున్నీ పీకేసింది. ఇంతా చేసి చీటీలా?"

"మా ఊళ్ళో పొలాలు పంచుకునేప్పుడు తీసేవాళ్ళంలే."

"నాన్నా, ఇది పొలం కాదు."

"కాదులే."

"ఒక్క ఓటు. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువొచ్చుంటే ఆ బోర్డులో నేను కూర్చునేదాన్ని. పిల్లల లైబ్రరీ మూసేస్తామంటే చెయ్యెత్తి వద్దనేదాన్ని. ఆవిడకేమో లైబ్రరీ అక్కర్లేదు, ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి లైట్లు కావాలి. ఇప్పుడు పిల్లల పుస్తకాలు ఓ గిన్నెలో పడ్డాయి."

"ఆ ఒక్కటీ ఎవరు ఎగ్గొట్టారో నాకు తెలుసు."

"ఎవరు?"

"చెప్తే నువ్వు నమ్మవు."

"చెప్పండి ముందు."

"వసుమతి."

"ఛ. వసుమతి నా ఫ్రెండండీ. మన యార్డ్‌లో నా పేరు బోర్డులు పాతిందే తను. ఈ గుత్తి వంకాయ కూర ఎవరు చేశారనుకున్నారు?"

"అదే చెప్తున్నా. ఇందాక ఆ కూర ఇవ్వడానికి వచ్చిందా, ఒంటి మీద స్టిక్కర్ లేదు."

"ఏం స్టిక్కర్?"

"ఓటేసి బయటికొస్తుంటే మనిషికొకటి ఇస్తారే, 'నేను ఓటేశాను' అని. అది. వేసినవాళ్ళెవరూ ఆ పూటకి పీకి పారేసుకోరు. నాది చూడు, ఇంకా గుండె మీదే ఉంది."

"బట్టలు మార్చుకుందేమో."

"వంకాయలు వేయించడానికి బట్టలు మార్చుకుంటారా?"

"మార్చుకుంటారు. నూనె చిందుతుంది. మీకేం తెలుసు."

"సరే, నీ ఇష్టం. రుచి చూశాను, కూర మాత్రం బాగా చేసింది. తప్పు చేసినవాళ్ళే అంత బాగా చేస్తారు."

"మీరలా అంటే నాకూ అనుమానంగానే ఉందండీ. పొద్దున ఎప్పుడేస్తావే అంటే, వేస్తాలే, వేస్తాలే అంది."

"అదిగో."

"మొన్న కూడా ఫ్లయర్లు పంచడానికి రమ్మంటే నడుం నొప్పంది."

"నడుం నొప్పి. విన్నావా నాన్నా?"

"ఊఁ."

"ఫోన్ ఇటివ్వండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వేశావా లేదా అని మొహం మీదే అడుగుతాను. వెయ్యలేదంటే ఇక ఆ గడప తొక్కను. ఆ డబ్బా కూడా కడిగి మీరే ఇచ్చి రండి."

"అడుగు, అడుగు. స్పీకర్‌లో పెట్టు."

"అమ్మా గిరిజా, ఫోను కింద పెట్టు."

"మీరు కూర్చోండి మామయ్యగారూ. రెండు నిమిషాలు."

"ఆ అమ్మాయిని ఏమీ అనొద్దు. ఆ ఒక్క ఓటూ నాది."

"మీదా?"

"నేను ఆ హాలోవే గారికి వేశాను."

"నాన్నా, ఏమంటున్నావు?"

"వేశానంటున్నా."

"పొరపాటున దిద్దారా? కళ్ళజోడు పెట్టుకోలేదా?"

"పెట్టుకున్నాను. చూసే దిద్దాను."

"మామయ్యగారూ, పొద్దున నేనే కదా కార్‌లో తీసుకెళ్ళింది. శాంపిల్ కాగితం కూడా చూపించాను. పై పేరు నాదీ, కింద పేరు ఆవిడదీ అని."

"చూపించావు. గుండ్రంలో నల్లగా దిద్దండి, గీత దాటకండి అన్నావు. గీత దాటలేదు."

"నాన్నా, నీ కోడలు నిలబడితే పరాయి మనిషికి వేస్తావా?"

"ఆవిడ వచ్చిందిరా."

"ఎక్కడికి?"

"పెరట్లోకి. మీరిద్దరూ లేరు. నేను చిక్కుడు పాదుకి కర్రలు పాతుతున్నాను. ఆ బూట్లతోనే బురదలోకి దిగొచ్చి కర్ర పట్టుకుంది. నేను పాతిందాకా వదల్లేదు. అప్పుడు అడిగింది, నీ ఓటు నాకియ్యమని."

"ఆవిడ ఇంగ్లీషు నీకేం అర్థమైంది?"

"సిటిజన్ పరీక్షకి నూరు ప్రశ్నలు బట్టీ పట్టినవాణ్ణి. ఓటు, ప్లీజు. ఆ మాత్రం అర్థం కాదా? ఎస్ అన్నాను."

"ఎస్ అంటే అన్నారు మామయ్యగారూ. అంతమాత్రాన వెయ్యాలా? లోపల ఎవరు చూడొచ్చారు?"

"అన్నాను కదమ్మా."

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాట చెప్పలేదే."

"నువ్వూ అడుగుతావని చూశాను. చలికాలం నుంచీ చూశాను. ఆవిడ వచ్చేదాకా నా ఓటు ఖాళీగానే ఉంది."

"ఇంట్లోవాళ్ళని ఎవరైనా అడుగుతారా నాన్నా?"

"మీ చిన్నాన్న వార్డు మెంబరుకి నిలబడ్డాడు. అప్పుడు అందరం ఒక్క ఇంట్లోనే. వాడు చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడి, అన్నా, నీ ఓటు నాకు అన్నాడు. నేను సరే అన్నాకే లోపలికొచ్చి, నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు."

"అది మీ ఊరు నాన్నా."

"ఓటు ఎక్కడైనా ఓటేరా. అమ్మా, ఊళ్ళో తలుపులన్నీ కొట్టావు. ఈ తలుపు కొట్టలేదు."

"కొట్టలేదు."

"గిరీ, నువ్వు కూడా ఏంటి?"

"కొట్టలేదు కదండీ. నిజమే కదా. మీది నాదే అనుకున్నాను మామయ్యగారూ."

"అనుకోవడంలో తప్పు లేదమ్మా."

"ఏం తప్పు లేదు? ఇంట్లోవాడే ఇట్లా చేశాడని తెలిస్తే మనవాళ్ళ ముందు తలెత్తుకోగలమా? నేను లేనూ? ఎవరూ నన్ను బతిమాలలేదు. ఆష్‌బర్న్‌లో ఆఫీసు నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి ఓటు కోసం వచ్చాను."

"ఆయన్నేమీ అనకండి. చాలు. చేతులు కడుక్కోండి మామయ్యగారూ, అన్నం పెడతాను. అవునూ, మీ స్టిక్కర్ ఏది?"

"ఉందిలే అమ్మా."

"పొద్దున మీ చొక్కాకి నేనే అంటించాను. మూల చిరిగిపోతుంటే లోపలికి మడిచి అంటించాను. ఈ దేశంలో మొదటి ఓటు, దాచుకుంటానన్నారు కదా. పారేసుకున్నారా?"

"పారెయ్యలేదు."

"మరేది?"

"గిరీ, అన్నం చల్లారిపోతోంది."

"ఉండండి. మామయ్యగారూ, ఎక్కడ పెట్టారు?"

"పోనిద్దూ."

"ఏవండీ, కాస్త ఇటు తిరగండి."

"ఎందుకు?"

"తిరగండి. మీ స్టిక్కర్‌కి మూల మడిచి ఉందేంటి?"

"మడిచి... అదీ..."

"మామయ్యగారూ, మీరు చెప్పండి."

"వెళ్ళేసరికి ఓట్లేసే చోట తలుపులు మూసేశారని దిగులుగా వచ్చాడమ్మా. అడిగాడు. ఇచ్చాను."

వసుమతి తెచ్చిన గుత్తి వంకాయ కూర వడ్డించుకుని ముగ్గురూ తిన్నారు.