రైఫిలూ గీఫిలూ

“ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కు చెంచయ్యా, ట్రైనింగు సెంటర్లో పోస్టింగూ, నీ పెళ్ళాం కాపురానికొచ్చేదానికి క్వార్టరూ నేనిప్పిస్తా” అన్నాడంట సుబేదారు. అన్నాడా లేదా? అన్నాడు. ఆ మాట పట్టుకోనే మా చెంచయ్య బాబాయి సెలవు మీద ఊళ్ళో దిగాడు. మిలిటరీలో చేరినకాణ్ణించీ ఏడాదికొక సెలవు, ఆ కాపురమే కాపురం అనుకో. అందుకని మా మాలకొండమ్మ పిన్ని, పదో తరగతి ఫస్టున పాసైన మనిషి, కొంగు బిగించి, ఈ సెలవంతా ఇంట్లో తెలుగు వినపడగూడదయ్యా, ఇంగ్లీషులో అడిగితేనే నీకు కూడు అందంట. ఇంక చూడు. బాబాయి కంచం ముందు కూచోని, “రైసు గీసు గివ్ మీ” అన్నాడు. “రైసు నేను పెడతా. గీసు ఎవరు పెడతారు, మీ సుబేదారా?” అంది పిన్ని. “కర్రీ గిర్రీ” అన్నాడు. “ఇంగ్లీషుకు తోకలుండవయ్యా మగడా, కత్తిరించు” అని గరిటె చూపించింది. మనం కాఫీ గీఫీ అంటాం గదా, పుట్టినకాణ్ణించీ అలవాటైన నోరు, ఊరికే ఏడకి పోద్ది?

ఏమైందంటే, సెలవైపోయి వెనక్కి పోయాక, పరీక్ష రోజు పెద్దాఫీసరు ఎదురుగా కూచోబెట్టుకోని, కాపలాకు పోయేటప్పుడు ఏమేం తీసుకెళ్తావని ఇంగ్లీషులో అడిగాడంట. బాబాయి టక్కున “రైఫిలు గీఫిలు, సర్!” అనేశాడు. ఆఫీసరు కలం ఆపి, “వాట్ ఈజ్ గీఫిలు?” అన్నాడు. అయిపోయింది, క్వార్టరు గంగలో కలిసింది అనుకున్నాడు మావాడు. అయినా నిటారుగా కూచోని, “సర్, రైఫిలంటే నా చేతిలోది. గీఫిలంటే దానెంట ఉండాల్సినవన్నీ. తూటాలు, పట్టీ, నూనె గుడ్డ. అవి లేకపోతే రైఫిలు ఒట్టి కర్ర” అని మొత్తం ఇంగ్లీషులోనే చెప్పాడంట! తడుముకోలేదంట! ఆఫీసరు నవ్వి పాసు చేసేశాడు.

పిన్ని పరుపు చుట్టింది, తాడు బిగించింది, వీధి వీధంతా చెప్పుకోనొచ్చింది. ఇంతలో సుబేదారుకు బదిలీ. కొత్తగా వచ్చినాయన, నేనన్నానా ఆ మాట, క్వార్టర్లు ఖాళీ లేవు పో అన్నాడంట. చూశారా? దేశం కోసం చావమంటారు, పెళ్ళాంతో బతకమనరు! హక్కు భిక్ష కాదు! నేనూరుకుంటానా, శ్రామికవర్గం, దోపిడీ, రాజ్యం అన్నీ పెట్టి ఇంతపొడుగు అర్జీ రాశా. పిన్ని చదివి, “ఒరే అబ్బాయ్, దోపిడీ సంగతి తర్వాత చూద్దువు గానీ, నా మొగుడితో నేను కాపురం చేయాలని ఒక్క ముక్క రాయరా” అని మిగతాదంతా కొట్టేసింది. ఆ ఒక్క ముక్కే మిలిటరీ పెద్దాఫీసుకు పంపాం.

ఇంతే అబ్బా, జరిగింది. ఆ పరుపు చుట్ట వసారాలోనే ఉంది, పిన్ని విప్పనీదు, చాప మీదే పడుకుంటది. జవాబు రావాల్సినోళ్ళ దగ్గర్నించే రావాల. అయ్యా దొరలూ, డిసెంబరు ఏడున సైనికుల జెండా రోజని బుల్లి జెండాలు చొక్కాలకు గుచ్చుకుంటారు గదా, మా పిన్నికి జవాబు చెప్పి గుచ్చుకోండి. డిసెంబరు ఏడు. అదే గడువు.