పక్కింటి తీగ

శాంటో డొమింగోలోని ఆ రేకుల ఇంట్లో లైటు మళ్లీ రెపరెపలాడింది. ఇంటావిడ కరెంటు మనిషి ఎక్కిన నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"చూశావా తమ్ముడూ? ఆ పక్కింటి లియొకాదియా మా కరెంటు దొంగిలించింది. అందుకే ఏడాదిగా మాటల్లేవు. పోయిన వారం ఆమె శవం లేస్తుంటే కూడా నేను గడప దాటలేదు."

"తీగ మీ ఇంటినుంచి అటు పోవట్లేదక్కా. ఆమె మీటరు నుంచి ఇటే వస్తోంది. తగిలించిన కొక్కెం వదులైంది, అంతే."

"ఎవరు తగిలించారు?"

"మీ ఆయనే. నిరుడే చూసి ఆమెకు చెప్పాను."

"ఏమంది?"

"'పసిపిల్ల ఉన్న ఇల్లు, వెలగనీరా' అంది."



"ఆ కొక్కెం గట్టిగా బిగించు తమ్ముడూ."

"బిగించి ఏం లాభమక్కా? ఆమె పోయాక చేసే తొమ్మిదో రోజు ప్రార్థన ఈ సాయంత్రమే. రేపు ఆమె మీటరు పీకేస్తారు."